తాకా లెక్క, తెరిచిన కోడ్

జోల్వాలో వ్యాపారం మీటర్లలో నడుస్తుంది. సూరత్ జిల్లా పల్సానా తాలూకాలోని ఈ ఊళ్లో గార్డెన్ సిల్క్ మిల్స్ పెట్టిన పాలియెస్టర్ ప్లాంటు ఉంది. సూరత్ చుట్టుపక్కల మగ్గాల షెడ్లలో కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుంచి వలస వచ్చిన పద్మశాలీలు తరాలుగా పనిచేస్తున్నారు. లింబాయత్ గల్లీల్లో గుజరాతీ, హిందీ, మరాఠీల మధ్య తెలుగూ వినబడుతుంది.

మగ్గం దిగిన గ్రే గుడ్డను తాకాలనే చుట్టలుగా చుట్టి, చలాన్ రాసి డైయింగ్ మిల్లుకు పంపుతారు. రంగేసుకుని తిరిగొచ్చేసరికి గుడ్డ కొంత కుంచించుకుపోతుంది. ఆ తరుగును షార్టేజ్ అంటారు. ఏ తాకా ఎన్ని మీటర్లు తగ్గింది? ఏది ఇంకా మిల్లులోనే పడివుంది? రంగేసినందుకు జాబ్‌వర్క్ బిల్లు పంపిన మీటర్లకు కట్టాలా, వచ్చిన మీటర్లకా? యజమాని లాభనష్టాలు ఈ ప్రశ్నల దగ్గరే తేలతాయి. అందరికీ ఒకే కొలతతో కుట్టిన అకౌంటింగ్ ప్యాకేజీకి అమ్మకం తెలుసు, కొనుగోలు తెలుసు, తాకా తెలియదు. అందుకే కంప్యూటర్ కొన్న తర్వాత కూడా దాని పక్కన పొడుగాటి చలాన్ పుస్తకం తప్పదు.

ఇలాంటి ఇబ్బందిలోంచే, అందరికీ తెరిచిన కోడ్‌కు మన దేశపు మంచి ఉదాహరణ ఒకటి పుట్టింది. ముంబైలో రుషభ్ మెహతా కుటుంబానికి ఫర్నిచర్ వ్యాపారం ఉండేది. అక్కడ ఈఆర్‌పీ, అంటే వ్యాపారం పనులన్నీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్, పెట్టే ప్రయత్నం విఫలమయ్యాక, ఇంజనీరైన ఆయన తానే రాసుకోవడం మొదలుపెట్టారు. 2008లో ఫ్రాపే సంస్థ ఏర్పడింది. వారి ఈఆర్‌పీనెక్స్ట్ కోడ్‌ను ఎవరైనా తెరిచి చదవవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. అందులో ‘డాక్‌టైప్’ అనే ఏర్పాటు ఉంది. చలాన్ లాంటి ఏ కాగితానికైనా అది ఒక నమూనా. తాకా నంబరు, పంపిన మీటర్లు, వచ్చిన మీటర్లు అని గళ్లు కలిపితే చాలు. తెరమీద ఫారమూ, వెనక డేటాబేస్ పట్టికా అదే తయారుచేసుకుంటుంది. షార్టేజ్ అంటే ఏమిటో తెలిసిన మనిషి పక్కన కూర్చుంటే ఊళ్లో ఉన్న డెవలపరే ఆ పని చేయగలడు. ఈ పద్ధతి బలమంతా అక్కడే ఉంది.

2017 జులై 1న జీఎస్టీ వచ్చినప్పుడు సూరత్ బట్టల మార్కెట్లు నిరసనగా రోజుల తరబడి మూతపడ్డాయి. పన్ను ఒక బాధైతే, లెక్క రాసే తీరంతా మారిపోవడం ఇంకో బాధ. జాబ్‌వర్క్‌కు పంపిన సరుకు వివరాలకు ఐటీసీ-04 అని విడిగా ఒక ఫారం వచ్చింది. ఈఆర్‌పీనెక్స్ట్ వాడేవారికి ఇప్పుడు జీఎస్టీ పనులకోసం ‘ఇండియా కంప్లయన్స్’ యాప్ ఉంది. దాని కోడూ బహిరంగమే. ఒకరు సరిదిద్దిన తప్పు అందరికీ సరైపోతుంది.

ఒకప్పుడు ఏ సాఫ్ట్‌వేర్ కొనాలో పెద్ద గదుల్లో కూర్చున్నవారు తేల్చేవారు. ఇప్పుడు డెవలపర్ ముందు దించుకుని వాడి చూస్తాడు, సంతకాలు ఆ తర్వాత. ఈ గాలి మళ్లిందని గుర్తించినవారిలో మన హైదరాబాదీ సత్య నాదెళ్ల ఒకరు. 2001లో మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బామర్, తెరిచిన కోడ్‌తో నడిచే ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్‌ను క్యాన్సర్‌తో పోల్చారు. 2014లో అదే సంస్థ పగ్గాలు అందుకున్న నాదెళ్ల, లినక్స్ అంటే తమకు ప్రేమ అని ప్రకటించారు. 2018లో డెవలపర్లు కోడ్ దాచుకునే గిట్‌హబ్‌ను 750 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు చెప్పారు. డెవలపర్ల మన్నన విలువ ఎంతో ఆ అంకెలో కనబడుతుంది.

అయితే ఆ డెవలపర్ ఇల్లు ఎలా గడవాలి? బెల్జియంలో పుట్టి, గుజరాత్‌లోని గాంధీనగర్‌లో కూడా ఆఫీసు పెట్టిన ఓడూ సంస్థ, 2015లో తన ఈఆర్‌పీని రెండుగా విడదీసింది: ఒకటి అందరికీ, ఇంకొకటి డబ్బు కట్టినవారికి. దాన్ని ద్రోహమనడం న్యాయం కాదు. జీతాలు ఎక్కడినుంచో రావాలి. అసలు ప్రమాదం ఎవరూ పట్టించుకోని మూలల్లో ఉంది. ఎక్స్‌జెడ్ అనే చిన్న కోడ్ లైబ్రరీని దాదాపు ఒకే మనిషి, జీతం లేకుండా మోస్తూ అలసిపోయాడు. సాయం చేస్తానని చేరిన అజ్ఞాత వ్యక్తి అందులో దొంగదారి పెట్టాడు. 2024 మార్చిలో మైక్రోసాఫ్ట్ ఇంజనీరు ఆండ్రెస్ ఫ్రాయిండ్, సర్వర్‌లో లాగిన్ అరసెకను ఆలస్యమవుతోందేమిటని తవ్వి దాన్ని పట్టుకున్నారు. కోడ్ తెరిచి ఉంది గనుకే తవ్వగలిగారు. అదే ఏడాది అక్టోబరులో స్టాక్ బ్రోకింగ్ సంస్థ జెరోధా, ఇలాంటి ప్రాజెక్టులకోసం ఏటా పది లక్షల డాలర్ల ఫండ్ ప్రకటించింది. ఆ సంస్థ తన పనిలో వాడుకునే కోడ్‌కు చెల్లిస్తున్న బాకీ అది.

ఇలా తెరిచిన కోడ్‌ను ఇంగ్లీషులో ‘ఫ్రీ’ సాఫ్ట్‌వేర్ అనీ అంటారు; ఆ ఒక్క మాటకే రెండర్థాలు కాబట్టి తికమక. తెలుగులో ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. తెలుగు తెరతో లినక్స్ తయారుచేసిన హైదరాబాద్ బృందం పేరే ‘స్వేచ్ఛ’.

సూరత్‌లో యూనిట్లు నడిపే తెలుగువారికి ఈ కాలమ్ చేసే విన్నపం ఒకటే. మీ పిల్లల్లో కంప్యూటర్లు చదివినవారుంటే ఒక ఆదివారం తాకా చలాన్ ముందు కూర్చోబెట్టండి. వాళ్లు రాసిన ఫారం మీ షెడ్డులో పనిచేస్తే, దాన్ని తెలుగు, గుజరాతీ పేర్లతో పక్క షెడ్డుకూ ఇవ్వండి. రాసినవారి కష్టానికి డబ్బు కట్టండి.