స్వేచ్ఛ పేర సామ్రాజ్యము
(ఫిలిప్పీన్ ఆక్రమణపై రచయితల వాదప్రతివాదములు)

ఒక రాజు పరదేశమును జయించినచో తన ప్రతాపమును శాసనమున చెక్కించుకొని తృప్తిపడును. ప్రజాసమ్మతియే ప్రభుత్వమునకు పునాది యని 1776లో లోకమునకు చాటి, పోరాడి స్వాతంత్ర్యము గడించిన అమెరికాకు ఆ వెసులుబాటు లేదు. పరుల నేలను పట్టుకొనునప్పుడు ఆ పని ధర్మకార్యముగా కనిపించుటకు దానికొక మంచి పేరు కావలసివచ్చెను. ఆ పేరు సమకూర్చినవారును, దానిని నిలదీసినవారును రచయితలే. 1898 మొదలు నాలుగేండ్లు ఫిలిప్పీన్ ద్వీపముల విషయమై నడచిన ఆ వాదమును పరిశీలించినచో, అమెరికా విదేశాంగనీతి యెదిగిన తీరును, సాహిత్యము అధికారమునకు చేయు ఊడిగమును, దానికి చూపగల ఎదురును ఒక్కచోటనే గమనింపవచ్చును.

విస్తరణకాంక్ష ఆ యేడే పుట్టినది కాదు. 1796లో పదవి విడుచుచు జార్జి వాషింగ్టను అన్యదేశములతో శాశ్వత మైత్రీబంధములు వలదని హెచ్చరించెను. 1823లో అధ్యక్షుడు మన్రో, అమెరికా ఖండములలో ఐరోపా రాజ్యములు క్రొత్తగా వలసలు స్థాపింపరాదని ప్రకటించెను. చూచుటకు ఇవి రెండును ఆత్మరక్షణకై చెప్పిన మాటలు. ఐనను ఆ కాలముననే ఆదిమవాసుల భూములు హరింపబడినవి. 1846-48 యుద్ధము వలన మెక్సికో నుండి కాలిఫోర్నియా మున్నగు విశాల ప్రాంతములు లభించినవి. 1867లో రష్యాకు 72 లక్షల డాలర్లిచ్చి అలాస్కాను కొనుట జరిగినది. 1890లో నౌకాదళాధికారి ఆల్‌ఫ్రెడ్ మహాను సముద్రబలము చరిత్రను నడపిన తీరును గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. యుద్ధనౌకలు, అవి బొగ్గు నింపుకొను రేవులు, దూరదేశ వాణిజ్యము, ఈ మూడును పరస్పరాశ్రయములని అతని సిద్ధాంతము. దానిని నమ్మినవారికి హవాయి, మనీలాలు చైనా విపణికి ఎక్కిపోవు మెట్లుగా తోచినవి.

1898 ఫిబ్రవరి 15న హవానా రేవులో మెయిన్ అను అమెరికా నౌక ప్రేలిపోయెను. ఏప్రిలులో స్పెయినుపై యుద్ధము ప్రకటింపబడెను. క్యూబాను విడిపించుటయే తమ ఉద్దేశమనియు, కలుపుకొనుట కాదనియు కాంగ్రెసు ముందే తీర్మానించినది. ఫిలిప్పీన్ ప్రజలకు అట్టి మాట యేదియు ఇయ్యబడలేదు. వారి నాయకుడు అగినాల్డో జూన్ 12న స్వాతంత్ర్యము ప్రకటించినను, డిసెంబరు 10న పారిస్‌లో కుదిరిన సంధి చర్చలలో వారికి పీట వేసినవారు లేరు. స్పెయిను 2 కోట్ల డాలర్లు పుచ్చుకొని ఆ ద్వీపములను అమెరికా కప్పగించెను. పోర్టోరికో, గువాములు కూడ దాని వశమైనవి. 1899 ఫిబ్రవరి 4న మనీలా వెలుపల అమెరికను సైనికులకును ఫిలిప్పినోలకును పోరు మొదలయ్యెను. రెండు దినముల పిదప సెనేటు 57-27 వోట్లతో ఆ సంధిని ఆమోదించెను. కావలసిన మూడింట రెండు వంతులకంటె వచ్చినది ఒక్క వోటే అధికము.

సరిగా ఆ వారముననే రడ్యార్డ్ కిప్లింగు పద్యము పత్రికలలో వెలువడెను. బొంబాయిలో పుట్టి, కొన్నియేండ్లు అమెరికాలో నివసించిన ఈ ఆంగ్లకవి, తెల్లజాతి మోయవలసిన బరువును గూర్చి ఆ దేశమునకు ప్రబోధము చేసెను. ఆ పద్యమున కవి చూపిన నేర్పు గమనింపదగినది. ఆక్రమించువాడు అందులో సేవకుడు. ఆక్రమింపబడినవాడు కృతజ్ఞత లేని బాలుడు. లాభము మాట లేదు, శ్రమ మాటయే కలదు. దొంగ తన మూటను భారముగా వర్ణించుకొని జాలి కోరినట్లున్నది ఈ కల్పన. థియొడోర్ రూజ్‌వెల్టు దీనిని చదివి, కవిత్వముగా ఇది కొరగానిదే యైనను, విస్తరణవాదమునకు అక్కరకు వచ్చు వివేకము ఇందు కలదని మిత్రునికి వ్రాసెను. రాజనీతిజ్ఞుడు చేసిన ఈ విమర్శ, సాహిత్య విమర్శకులు చేసిన పెక్కు విమర్శలకంటె నిక్కమైనది.

దీనికి ఎదురు నిలచిన రచయితలలో మార్క్ ట్వేను ముఖ్యుడు. క్యూబా యుద్ధమును అతడును మొదట సమర్థించినవాడే. ఫిలిప్పీన్ సంధిని చదివిన పిమ్మట మనసు మార్చుకొని, 1900లో స్వదేశమునకు తిరిగివచ్చినది మొదలు సామ్రాజ్యవ్యతిరేక సంఘము పక్షము వహించెను. 1901 ఫిబ్రవరిలో అతడు ప్రకటించిన వ్యాసము, చీకటిలో కూర్చున్న మనుష్యుని ఉద్దేశించి వ్రాసినట్టిది, వ్యంగ్యరచనకు మేలైన ఉదాహరణము. నాగరకతను అందులో ఒక అంగడిసరకుగా చూపెను. పైచుట్టు అందము, లోపలి సరకు నెత్తురు. వర్తకుని భాషను వర్తకునిపైననే ప్రయోగించుటలో అతని బలము కలదు. కిప్లింగు దాచిన లాభనష్టముల పద్దును ట్వేను బజారున పరచెను.

ఐనను ట్వేనును పూజించుట విమర్శ కానేరదు. 1896లో భారతదేశమున పర్యటించి 1897లో ప్రకటించిన యాత్రాగ్రంథమున బ్రిటిషు పాలనను అతడు మెచ్చుకొనెను. మనీలాలో కనుగొన్న అన్యాయము కలకత్తాలో అతని కంటబడలేదు. సంఘములోని అందరి దృష్టియు ఒక్కటి కాదు. పరదేశమును బలిమిచే ఏలుట స్వదేశధర్మమునకు చేటని వాదించినవారితోపాటు, నల్లని గోధుమవన్నె జనులు తమ గణరాజ్యమున చేరరాదను ఏవగింపుచేత వాదించినవారును అందుండిరి. న్యాయమైన వాదమునకు అన్యాయమైన హేతువు తోడగుట ఆ ఉద్యమమునకు మాయని మచ్చ. 1900 ఎన్నికలలో వారు బలపరచిన బ్రయను ఓడెను. 1901లో సుప్రీంకోర్టు, పోర్టోరికో అమెరికాకు చెందినదే కాని, రాజ్యాంగము పన్నుల విషయమున చెప్పిన అర్థములో అమెరికాలో భాగము కాదని తీర్పు చెప్పెను. కత్తితో మొదలైన పని వ్యాకరణముతో ముగిసినది.

1902 జూలై 4న, అనగా అమెరికా స్వాతంత్ర్యదినమున, యుద్ధము ముగిసినదని రూజ్‌వెల్టు ప్రకటించెను. అప్పటికి అమెరికను సైనికులు 4,200 మందికి పైగాను, ఫిలిప్పినో యోధులు సుమారు 20 వేలమందియు గతించిరి. పోరు, కరవు, అంటురోగములచే మరణించిన పౌరుల సంఖ్య 2 లక్షల వరకు నుండునని అంచనా.

తుపాకి నిలిపిన అధికారమును పలక నిలబెట్టెను. 1901 ఆగస్టులో థామస్ అను ఓడలో సుమారు 500 మంది అమెరికను ఉపాధ్యాయులు మనీలాలో దిగిరి. ఇంగ్లీషు బోధనభాష యయ్యెను. ఆ ఉపాధ్యాయులలో పెక్కురు సద్బుద్ధితో వచ్చినవారే. అక్షరాస్యత పెరిగినదనుటయు నిజమే. కాని స్పెయిను పాలకులు 1896లో కాల్చిచంపిన హోసె రిజాల్ పేరు 1901లో ఒక మండలమునకు పెట్టి గౌరవించిన ప్రభుత్వమే, అతడు స్పానిషులో వ్రాసిన నవలలను ఆ దేశపు బిడ్డలు ఇంగ్లీషు అనువాదమున చదువుకొను కాలమునకు దారితీసినది. ఈ విద్య ఫిలిప్పినోను తన గతమునుండియు, తన ఊరి జనమునుండియు వేరుచేసినదని రెనాటో కాన్‌స్టాంటీనో 1966లో ప్రకటించిన వ్యాసమున వాదించెను. సొంతనాటికి దూరమున తరములు గడుపుచు బిడ్డలకు తెలుగు ఓనమాలు దిద్దించుకొను వారికి ఈ వాదములోని బరువు వేరుగా చెప్పనక్కర లేదు. ఇరువురి స్థితి ఒక్కటి కాదు. వీరిది వలస, వారిది పరాధీనత. ఐనను బడిలో వినబడని భాష ఇంటిలో ఎంతకాలము నిలుచునను ప్రశ్న ఉభయులకు సమానమే.

చరిత్రకారులును పేరు పెట్టుటలో వెనుదీయలేదు. 1936లో శామ్యూల్ బీమిసు 1898 నాటి ఘట్టమును దారితప్పిన గొప్ప పొరపాటుగా వర్ణించెను. 1959లో విలియం యాపిల్‌మన్ విలియమ్సు దీనిని కాదని, విపణులను తెరపించుకొనుటకై సాగిన ఒకే నీతి యందులో కలదని నిరూపింప యత్నించెను. మెక్సికో నుండి మనీలా వరకు నడచిన చరిత్రను చూచినచో రెండవ మతమే సమంజసముగా తోచును. క్యూబాకిచ్చిన మాటకు 1901లో ప్లాట్ సవరణను జతచేసి, అవసరమైనప్పుడు జోక్యము చేసికొను హక్కు నిలుపుకొనుటయు, 1903లో గ్వాంటానమో స్థావరమును గైకొనుటయు, 1904లో రూజ్‌వెల్టు మన్రో సిద్ధాంతమునకు పొరుగుదేశములను దిద్దు అధికారమును చేర్చుటయు పొరపాటున జరిగిన పనులు కావు. పొరపాటు ఒకసారి జరుగును. నీతియే మరలమరల జరుగును.

ఫిలిప్పీన్స్‌కు 1946 జూలై 4న స్వాతంత్ర్యము వచ్చెను. అక్కడి పెద్ద సైనికస్థావరములలో కడపటిదైన సూబిక్ 1992లో ఖాళీయయ్యెను. పోర్టోరికో, గువాములు ఇప్పటికిని అమెరికా అధీనముననే యున్నవి. అచ్చటి నివాసులు అమెరికా పౌరులే యైనను అధ్యక్షుని ఎన్నుకొను వోటు వారికి లేదు. ట్వేను 1905లో వ్రాసిన యుద్ధప్రార్థన అను చిన్న రచనను ఆనాటి పత్రిక నిరాకరించెను. అది అతని మరణానంతరము 1923లో గ్రంథస్థమై, వియత్నాం యుద్ధకాలమున వేలమంది నోట పడెను. ఓడిన వాదము చచ్చిన వాదము కాదనుటకు ఇది తార్కాణము. అధికారము తన పనికి పెట్టుకొన్న పేరును వినినంతనే తలయూపక, ఆ పేరు క్రింద ఎవరి నేల, ఎవరి నోరు, ఎవరి వోటు పోయినవో లెక్క అడుగుట చదువరి ధర్మము. ఆ లెక్క అడుగు చదువరులున్నంతకాలము సామ్రాజ్యమునకు పేరు మార్చుకొను శ్రమ తప్పదు.