మూడు పులులు, పదిహేను మేకలు, ఒక ఫోన్

గోదావరిఖనిలో పులి-మేక ఆడాలంటే పెద్ద సరంజామా ఏమీ అక్కర్లేదు. క్వార్టర్ ముందు గచ్చు మీద బొగ్గుముక్కతో గీతలు గీస్తే పటం తయారు. పులులకు మూడు గులకరాళ్లు, మేకలకు పదిహేను చింతగింజలు చాలు. బొగ్గుబాయి పని కోసం రకరకాల ఊళ్ల నుంచి వచ్చి స్థిరపడిన బస్తీ కాబట్టి, ఆడేముందు లెక్క తేల్చుకోవాలి: ఎన్ని మేకలు పడితే పులి గెలిచినట్టు? దొరికిన మేకను మింగి తీరాలా, వదిలేయొచ్చా? ఇప్పుడిదే ఆట ఫోన్లలోకీ వచ్చింది. యాప్‌లో మాత్రం ఆ లెక్కను తయారుచేసినవాళ్లే ముందుగా తేల్చేసి ఉంటారు.

పటంలో శిఖరం నుంచి నాలుగు గీతలు కిందికి దిగుతాయి. వాటిని మూడు అడ్డగీతలు కోస్తూ ఇరుపక్కలా బయటికి సాగుతాయి. ఆ అడ్డగీతల కొసలను ఒక్కో పక్కా ఒక నిలువు గీత కలుపుతుంది. అడుగున ఇంకో గీత. శిఖరం ఒకటి, అడ్డగీతల మీద ఆరేసి, అడుగున నాలుగు: మొత్తం 23 కూడళ్లు. మేకలను ఒక్కొక్కటిగా పెడతారు. అన్నీ దిగేదాకా ఏ మేకా కదలదు. పులి మాత్రం మొదటి నుంచీ తిరుగుతుంది. పక్కనున్న మేక మీంచి అదే గీతలో అవతలి ఖాళీలోకి దూకితే ఆ మేక పోయినట్టే. మూడు పులులనూ కదలకుండా కట్టేస్తే గెలుపు మేకలది.

అనుభవజ్ఞులు ముందుగా శిఖరం, బయటి నిలువు గీతల నాలుగు కొసలు, అడుగు గీత రెండు మూలలు చూస్తారు. ఈ ఏడు చోట్లా గీత ఆగిపోతుంది, దూకడానికి అవతల చోటుండదు. అక్కడ పాతుకుని, ప్రతి కొత్త మేకకూ వెనక దన్ను ఉండేలా లోపలికి జరుగుతారు. ఒక్కోసారి ఒక మేకను ఎర వేసి పులిని మూలకు రప్పిస్తారు.

ఒక్కటీ పడకుండా మేకలన్నీ దిగితే ఖాళీలు అయిదే మిగులుతాయి. అప్పుడు సాధ్యమయ్యే అమరికలు సుమారు 2 కోట్ల 74 లక్షలు. మనిషికి అంతులేని లెక్క గానీ ఫోన్‌కు పెద్ద బరువు కాదు. ఇలాంటిదే అయిన నేపాల్ వాళ్ల ఆట బాఘ్‌చాల్‌లో 25 కూడళ్లు, 4 పులులు, 20 మేకలు. లిమ్ యూ జిన్, యుర్గ్ నీవర్గెల్ట్ దాన్ని కంప్యూటర్‌తో విశ్లేషించారు. ఇరువైపులా తప్పు లేకుండా ఆడితే ఆట డ్రా అని చివరికి తేలింది.

ఫోన్‌తో మేలు లేకపోలేదు. తోడు ఆడేవాడు నైట్ షిఫ్టుకు వెళ్లినా ఆట ఆగదు. వేసిన ఎత్తును వెనక్కి తీసుకుని మరోటి ప్రయత్నించొచ్చు. లోటల్లా మేక పడ్డప్పుడు కనిపిస్తుంది. గచ్చు మీదైతే చుట్టూ చేరినవాళ్లలో ఎవరో ఒకరు 'వెనక ఖాళీ ఎందుకు వదిలినవ్?' అని నిలదీస్తారు. మేకల ఆట నేర్పేది ఆ ప్రశ్నే. తెర మీదైతే మేక మాయమై సంఖ్య మారుతుంది, అంతే.

కాబట్టి పులి-మేక యాప్ మంచిచెడ్డలను అందులోని పులి బలాన్ని బట్టి తూచకూడదు. ఆడేవాళ్లు తమ ఊరి లెక్కను ఎంచుకోనిస్తుందా, పడిన మేక వెనక ఖాళీని చూపిస్తుందా అన్నది చూడాలి. పిల్లలకు మొదట మేకల వైపే ఇవ్వాలి. ఒక్క మేకకు ఏ బలమూ లేదు, పక్కది ఎక్కడుందో చూసుకుని అడుగేయడమే దాని విద్య. ఈ ఆటలో నేర్వదగ్గదంతా అందులోనే ఉంది.