ఏడంగుళాల గాజు, ఎరిగిన చెయ్యి

బళ్లారి జిల్లా సిరుగుప్ప రైసుమిల్లుల షెడ్లలో ఊకదుమ్ము కప్పుకుని పాత అంబాసిడర్లు, మహీంద్రా జీపులు ఇంకా కనబడతాయి. ఇంజను మళ్లీ తిప్పించడానికి వేలు పోసే యజమాని, హెడ్‌లైటు మసకబారిందనగానే ‘కొత్త డూమ్ వేసెయ్’ అని అద్దం, రిఫ్లెక్టర్‌తో సహా లైటు మొత్తాన్నీ మార్పించేస్తాడు. అక్కడే నాకు కడుపు మండుతుంది. ఆ ఏడంగుళాల గుండ్రటి అద్దం అసలు గాజు. ఎండకు పచ్చబడే ప్లాస్టిక్కు కాదు. తెలిసిన చెయ్యి పడితే బండికంటే ఎక్కువకాలం బతుకుతుంది.

అద్దం లోపలి నిలువు చారలు సోకుకు పెట్టినవి కావు. రిఫ్లెక్టర్ పోగేసిన వెలుగును రోడ్డు వెడల్పునా పరిచేవి అవే. అందుకే అద్దం మీద పైభాగం గుర్తు ఉంటుంది. కాస్త తిరిగినా వెలుగు దారి తప్పుతుంది.

అమెరికాలో 1940 ప్రాంతంలో వచ్చిన సీల్డ్ బీమ్‌లో అద్దం, రిఫ్లెక్టర్, ఫిలమెంటు అన్నీ కలిసి ఒకే ముద్ద. లోపల కాలితే మొత్తం పారెయ్యాల్సిందే. బల్బు విడిగా తీసే రకంలోనే మేస్త్రీల పనితనానికి చోటు ఉంటుంది.

మంచి మేస్త్రీ ముందు క్రోమ్ రింగు విప్పుతాడు. లైటు దిశను సరిచేసే స్క్రూల జోలికి మాత్రం పోడు. బల్బు తీసేటప్పుడు దాని గాజును వేళ్లతో పట్టుకోడు. వేలి జిడ్డు అంటుకుంటే హాలోజన్ బల్బు అక్కడే వేడెక్కి పాడవుతుంది. ఆ తర్వాత అంచుకు వేడిగాలి పట్టి, పాత బంక మెత్తబడేదాకా ఓపిక పడతాడు. ఒకేచోట పొడిచి ఎత్తితే గాజు పగులుతుంది. పలచటి బ్లేడును చుట్టూరా కొంచెం కొంచెంగా నడపడం చూస్తుంటే రెప్ప వెయ్యబుద్ధి కాదు.

గాజుకు సబ్బునీళ్లు, మెత్తటి బ్రష్షు చాలు. బోరునీళ్ల తెల్లమరకలుంటే నీళ్లు కలిపిన వెనిగర్. రిఫ్లెక్టర్ దగ్గరే అసలు పరీక్ష. దాని మీది అల్యూమినియం పూత వెంట్రుక మందంలో వందో వంతు కూడా ఉండదు. గుడ్డతో తుడిస్తే ఆ మెరుపు గుడ్డకే వెళ్లిపోతుంది. ‘గాజును ఎంతైనా కడుగు నాయినా, రిఫ్లెక్టర్ని ముట్టొద్దు’ అని పెద్ద మేస్త్రీలు కుర్రాళ్లకు చెప్పేది ఇందుకే. డిస్టిల్డ్ వాటర్ పోసి బోర్లించి ఆరబెట్టడమే. తడి పూర్తిగా పోయాకే బ్యూటైల్ బంక చుట్టి అద్దం నొక్కుతారు. గాలి ఆడే రంధ్రం ఉంటే దాన్ని మూయరు. మూస్తే లోపల చెమ్మ నిలుస్తుంది. చివరగా చీకటి పడ్డాక గోడకెదురుగా బండి పెట్టి డిమ్మూ బ్రైటూ సరిచూస్తారు.

మరి ఇప్పుడేం జరుగుతోంది? బాత్రూములకు వాడే పుల్లటి వాసన సిలికాన్‌ను అంచు చుట్టూ పిండేస్తున్నారు. అది ఆరేటప్పుడు వచ్చే ఎసిటిక్ ఆమ్లం లోపలి పూతను తినేస్తుంది. నెలలు తిరగకుండానే రిఫ్లెక్టర్ మచ్చలు తేలుతుంది. ‘చూశారా, పాతది పనికిరాదు’ అని అదే దుకాణం డూప్లికేట్ డూమ్ అంటగడుతుంది! దాంట్లో చౌక ఎల్‌ఈడీ బల్బు వేస్తారు. ఫిలమెంటు ఉండాల్సిన చోట వెలుగు పుట్టదు కాబట్టి అది రోడ్డు మీద కాక ఎదుటివాడి కళ్లలో పడుతుంది. బళ్లారి రోడ్డులో రాత్రిపూట లారీ నడిపేవాళ్లను అడగండి, ఆ తెల్లటి చురుకు ఎంత ప్రమాదమో చెబుతారు.

2014లో ఉత్తర్‌పారాలో అంబాసిడర్ తయారీ ఆగింది. బండితో వచ్చిన అసలు గాజు పోతే పోయినట్టే. డూమ్ మార్చేముందు పాతదాన్ని తెలిసిన మేస్త్రీకి ఒక్కసారి చూపించండి. రెండు రోజుల ఓపికకు గంట కూలి ఇస్తామని బేరమాడకండి. బాగున్న గాజును గుజిరీలో పడెయ్యకండి. కొలత, రకం కలిస్తే ఇంకో బండికి పనికొస్తుంది. ఐటీఐలో చదివే మీ పిల్లల్ని ఆ మేస్త్రీల పక్కన నాలుగు నెలలు కూర్చోబెట్టండి. డూప్లికేట్ అమ్మడం ఎవరైనా నేర్చుకుంటారు. ఎక్కడ ముట్టకూడదో నేర్పేవాళ్లు మనకు ఇక కొద్దిమందే మిగిలారు.