పందికొక్కుకు 14 పాయింట్లు

మా ఊరు సిరుగుప్పలో ఏ రైస్‌మిల్లు గుమాస్తానైనా అడగండి, గోడౌన్ అనేది ఇంగ్లీషు మాటేనంటాడు. నిజానికి అది మలయ్ భాష మీదుగా ఇంగ్లీషులోకి వెళ్ళిందనీ, దాని వేరు మన గిడ్డంగి, తమిళుల కిడంగు దగ్గర ఉండొచ్చనీ నిఘంటుకారుల మాట. అంటే మన సరుకే సముద్రాలు తిరిగి, వేషం మార్చుకుని, మళ్ళీ మన మిల్లు గేటు మీద బోర్డై కూర్చుంది. స్క్రాబుల్‌లో దానికి 11 పాయింట్లు.

సాయంత్రాలు వసారాలో స్క్రాబుల్ ఆడటం అలవాటైనప్పటి నుంచి ఇలాంటి మాటలు ఏరుకోవడం నాకొక పిచ్చి. ఆట బాగా తెలిసినవాళ్ళు వేరే దారిన పోతారు. ముందు రెండక్షరాల మాటలన్నీ బట్టీ కొడతారు. ప్రపంచ పోటీల్లో వాడే కాలిన్స్ జాబితాలో అవి 127. రెండు ఏలు పక్కపక్కన పెడితే గరుకు లావా. ఏ పక్కన ఐ పెడితే చెట్టుకొమ్మకు తలకిందులుగా వేలాడే ఒక బద్ధకపు జంతువు. క్యూ పక్కన ఐ పెడితే చైనావాళ్ళ ప్రాణశక్తి. ఆదోని నుంచి బస్సెక్కి వచ్చే మా బావ వీటిని ఎక్కాల్లా అప్పజెబుతాడు. లావా ఏమిటో, ప్రాణశక్తి ఏమిటో ఆయనకు పట్టదు. పాయింట్లొస్తే చాలు.

నాకు ఆ పద్ధతి ఒంటబట్టలేదు. మాట వెనక మనిషో, మడో, కచేరీయో కనిపించకపోతే రాత్రి చదివింది పొద్దున్నకు ఎగిరిపోతుంది. అందుకే నా నోటుబుక్కు మా ఊరి నుంచే మొదలవుతుంది.

మా సీమ ఈ పనికి భలే అనువైంది. 1800లో నిజాం దత్తమండలాలను కంపెనీకి అప్పజెప్పాక, 1807 దాకా ఇక్కడ ప్రిన్సిపల్ కలెక్టరుగా పనిచేసినవాడు థామస్ మన్రో. ఆయన నడిపిన రైత్వారీతో రాయలసీమ పల్లెల మాటలు ఇంగ్లీషు దస్తావేజుల్లోకి బారులు తీరాయి. ఆర్, వై, ఓ, టి అని నాలుగు బిళ్ళలు పేర్చితే రయట్. మన రైతూ ఆ రయట్టూ ఒకే అరబ్బీ తల్లి బిడ్డలు. పాయింట్లు ఏడే. రైతుకు ఎక్కడైనా గిట్టుబాటు అంతంతమాత్రమే. జిల్లాకు మాత్రం జెడ్ పుణ్యమా అని 18. కడపలో ఉద్యోగం చేసిన మన బ్రౌను దొర ఇలాంటి కచేరీ మాటలన్నీ పోగుచేసి 1852లో జిల్లా డిక్షనరీ అని ఒక పుస్తకమే వేశాడు. తెలుగు నిఘంటువు నీడలో పడి దాని పేరు ఎవరూ ఎత్తరు గానీ, స్క్రాబుల్ ఆడే తెలుగువాడికి అంతకంటే దగ్గరి చుట్టం లేదు.

ఇక పందికొక్కు సంగతి. తుంగభద్ర నీళ్ళు పారే మడి ఉన్నవాళ్ళకు దీన్ని పరిచయం చేయనక్కర్లేదు. గట్టుకు బొక్క వేసి నీళ్ళు వదిలేస్తుంది. వరి పండే వేళకు వెన్నులు కొరికి బొరియలోకి లాక్కుపోయి దాచుకుంటుంది. తెల్లారి గట్టు మీద మట్టికుప్ప కనిపిస్తే రైతు నోట వచ్చే మాటలు ఏ జాబితాలోనూ ఉండవు. ఈ తెలుగు పేరే ఇంగ్లీషులో బాండికూట్ అయింది. శాస్త్రజ్ఞులు దాని ప్రజాతికే బాండికోటా అని పెట్టుకున్నారు. తెల్లవాళ్ళు ఆ పేరును ఆస్ట్రేలియాకు మోసుకుపోయి, అక్కడ మూతి పొడుగ్గా ఉన్న వేరే సంచిజీవికి తగిలించారు. 1996లో ఆ జీవి వీడియోగేమ్ హీరో కూడా అయింది. మొత్తం తొమ్మిది అక్షరాలు, 14 పాయింట్లు. చేతిలో ఉండేవి ఏడు బిళ్ళలే కాబట్టి బోర్డు మీద ముందే కనీసం రెండు అక్షరాలు కుదరాలి. నాకు ఇంతవరకూ కుదరలేదు.

ఆనకట్ట అలా కాదు. అనికట్ అని దొరలు తమిళుల దగ్గర నేర్చుకున్న మాట అది. విజయనగర రాజులు తుంగభద్రకు అడ్డంగా కట్టించిన ఆనకట్టల కింద పారే కాలువల్లో మా సిరుగుప్ప కాలువ, దేశనూరు కాలువ కూడా ఉన్నాయి. మాటకు ఆరు అక్షరాలు. చివర ఎస్ చేరిస్తే ఏడు. ఏడూ ఒక్క దెబ్బకు దించితే మామూలు తొమ్మిదికి తోడు 50 బోనస్. అమెరికా, కెనడాల్లో ఆడే జాబితా వేరు కాబట్టి అక్కడి చుట్టాలతో ఆన్‌లైన్లో ఆడేటప్పుడు ముందే ఏ జాబితానో తేల్చుకోవడం మంచిది.

అర్థం తెలియకపోతే ఆట రాదని నేననను. న్యూజిలాండ్ ఆటగాడు నైజెల్ రిచర్డ్స్‌కు ఫ్రెంచి మాట్లాడటం రాదు. సుమారు తొమ్మిది వారాలు జాబితా చదివి 2015లో ఫ్రెంచి స్క్రాబుల్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. 2024లో స్పానిష్‌లోనూ అదే పని చేశాడు. బావకు ఆయన దేవుడు. నాకు మాత్రం స్పెల్లింగ్ బీ పిల్లలే నచ్చుతారు. మాట వినగానే ఏ భాషది, అర్థమేమిటి, వాక్యంలో వాడి చెప్పండి అని అడుగుతారు. అడిగే హక్కు అక్కడ ఉంది. రత్నం చిట్టూరి 1989లో పెట్టిన నార్త్ సౌత్ ఫౌండేషన్ పోటీలు 1993 నుంచి అమెరికాలోని మనవాళ్ళ పిల్లలకు తాలింఖానాలా పనికొచ్చాయి. 2024లో అమెరికా జాతీయ స్పెల్లింగ్ బీ గెలిచిన బృహత్ సోమ తెలుగు పిల్లవాడే. చివరి 90 సెకన్ల పందెంలో 29 మాటలకు సరైన స్పెల్లింగు చెప్పాడు. అంత వేగంలో అర్థం అడిగే తీరిక ఉండదు, నిజమే. ఆ వేగం రావడానికి ముందు ఎన్ని అర్థాలు అడిగి ఉంటాడో కూడా లెక్కలోకి తీసుకోవాలి కదా!

మొన్న ఆటలో రాగిని రెండు జీలు, రెండు ఈలతో దించాను.

"ఏందప్పా ఇది? ఇంట్లో తినేదంతా బోర్డు మీద పెడితే ఎట్లా?" అని బావ ఛాలెంజ్ చేశాడు.

జాబితా తీశాం. దొరలు ఒక్క రాగికే రకరకాల స్పెల్లింగులు ఇచ్చి పెట్టారు, నేను దించింది కూడా చెల్లుతుంది. తప్పుడు ఛాలెంజికి మా ఇంటి లెక్కన అయిదు పాయింట్ల కోత. బావ బిళ్ళలు సర్దుకుంటూ, "సరే, సంగటి ఉందేమో కూడా చూడు, నా దగ్గర ఎస్సు ఉంది" అన్నాడు.