పొయ్యి మారిన ఇల్లు

మా అమ్మమ్మ దిబ్బరొట్టెని కుంపటి మీద కాల్చేది. మందపాటి మూకుట్లో పిండి పోసి, మూత పెట్టి, ఆ మూత మీద కూడా నాలుగు నిప్పులు వేసేది. ఇంటికి గ్యాసుపొయ్యి వచ్చాక మూత మీదికి నిప్పులెక్కడివి? సన్నసెగన పెట్టి, ఓ పక్క కాలాక తిరగేసి, ఎలాగో లాక్కొచ్చేది. "రొట్టె వచ్చిందే గానీ, ఆ రొట్టె కాదే!" అని మాత్రం అనకుండా ఉండేది కాదు.

పొయ్యి మార్చిన ఏ ఇల్లాలైనా అనే మాటే ఇది. ఈమధ్య నేనూ అన్నాను. కాకపోతే నాది వంటింట్లో పొయ్యి కాదు, రాతబల్ల మీది కంప్యూటరు.

విండోస్ 10కి మామూలుగా ఇచ్చే మరమ్మతులు 2025 అక్టోబరు 14తో సరి అన్నారు. పోనీ 11కి మారదామంటే, దానికి టీపీఎమ్ అనే భద్రత చిప్పూ, కొత్త తరం ప్రాసెసరూ ఉండాలిట. నా ముసలి మిషనుకి అంత యోగం లేదు. బాగా నడుస్తున్న వస్తువుని పారెయ్యడానికి నాకు చేతులు రాలేదు. "లైనక్స్ వేస్తానమ్మా. డబ్బు కట్టక్కర్లేదు, పాత మిషన్లోనూ పరిగెడుతుంది" అన్నాడు మా అబ్బాయి. సరేనన్నాను.

ఇల్లు మారితే మొదటి పని సామాన్లు సర్దుకోవడం. నా పాత సామాన్లు కొత్తింట్లో పట్టవుట. వాటికి బదులుగా ఏవేం తెచ్చుకోవాలో వాడే ఓ జాబితా చేసిచ్చాడు. వర్డుకి బదులు లిబ్రెఆఫీస్ రైటర్. ఫోటోషాప్‌కి బదులు గింప్. పేజ్‌మేకర్‌కి బదులు స్క్రైబస్. చూడగానే నాకు పెళ్ళిళ్ళ పేరయ్య పుస్తకం గుర్తొచ్చింది. ఎత్తు సరిపోయింది, చదువు సరిపోయింది, జాతకాలు కలిశాయి. కాపురం ఎలా ఉంటుందో మాత్రం అందులో రాసి ఉండదు! కాపురం చేసి చూశాను గనక చెబుతున్నాను.

రైటర్ మంచి కోడలు లాంటిది. 2010లో ఓపెన్ఆఫీస్ నుంచి విడిపోయి వేరుకాపురం పెట్టిన లిబ్రెఆఫీస్ ఇంటి పిల్ల. మెనూలు తెలుగులో కావాలంటే తెలుగులోనే కనిపిస్తాయి. నేను రాసింది రాసినట్టు దాచింది, రెండొందల పేజీలకీ తొణకలేదు. లోపం లేదా అంటే ఉంది. వర్డులో రాసి ఎవరైనా పంపింది ఇందులో తెరిస్తే, ఒక్కోసారి పేజీలు కాస్త అటూ ఇటూ జరుగుతాయి. ఉత్తరానికైతే ఫరవాలేదు, అచ్చుకిచ్చే పుస్తకానికైతే ప్రూఫు మళ్ళీ చూసుకోవలసిందే. గింప్ గురించి తీర్పు చెప్పే అర్హత నాకు లేదు. ఫొటో అంచులు కత్తిరించడానికి అంత సరంజామా ఎందుకా అనిపించింది. ఆ మాటకొస్తే ఫోటోషాప్‌తోనూ నేను చేసింది అంతే.

అసలు చిక్కు వేళ్ళతో వచ్చింది. ఇరవయ్యేళ్ళుగా నేను తెలుగుని యాపిల్ కీబోర్డు పద్ధతిలో కొడుతున్నాను. సర్కారు వారి ప్రామాణికం ఇన్‌స్క్రిప్ట్. అచ్చులు ఎడమచేతికి, హల్లులు కుడిచేతికి. చక్కటి ఏర్పాటే, కొత్తగా నేర్చుకునే పిల్లలకి అదే నేర్పమంటాను. నా వేళ్ళు మాత్రం ససేమిరా అన్నాయి. 'అమ్మ' అని కొట్టబోతే ఇంకేదో వచ్చేది. రెండ్రోజులు ఒక్క పేరా సాగలేదు. తీరా చూస్తే లైనక్స్‌లో ఐబస్ అనే ఏర్పాటు ఒకటుంది. దాన్లో ఇన్‌స్క్రిప్టుతో పాటు యాపిల్ పద్ధతీ ఉంది, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఆర్టీఎస్ పద్ధతీ ఉంది. నా అలవాటుని ఎవరో పుణ్యాత్ములు ముందే తలుచుకుని ఎత్తిపెట్టారన్నమాట. ఇంత ముఖ్యమైన సంగతి మా వాడి జాబితాలో లేదు. సామాను పేరు రాశాడు గానీ చెయ్యి సంగతి రాయలేదు.

ఇంతవరకూ నవ్వుకునే కథే. నవ్వలేనిది ఇక్కణ్ణించి మొదలవుతుంది.

నా మొదటి నవల ప్రతులు ఎప్పుడో అయిపోయాయి. మిగిలింది కంప్యూటర్లో ఉన్న ఫైలొక్కటే. కొత్తింట్లో దాన్ని తెరిచాను. తెలుగు అక్షరం ఒక్కటి లేదు. బ్రాకెట్లూ, డాలర్లూ, పొడి ఇంగ్లీషు అక్షరాలూ ఎవరో గుప్పిళ్ళతో చల్లినట్టున్నాయి. గుండె ఆగినంత పనయింది.

లోపం లైనక్స్‌ది కాదు. అప్పట్లో నేను వాడిన టైపింగు ప్యాకేజీ ఏదైతేనేం, ఆనాటివి చాలామటుకు ఒకటే కిటుకు చేసేవి. ఇంగ్లీషు అక్షరాల గళ్ళల్లో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టేవి. నేను 'క' కొట్టాననుకునేదాన్ని. కంప్యూటరు మాత్రం ఏ డాలరు గుర్తో దాచుకుని, పైన 'క' ముసుగు వేసి చూపించేది. ముసుగు అనే ఆ ఫాంటు పక్కన లేకపోతే నవలా లేదు, నాయికా లేదు.

యూనికోడ్ చేసింది ఆ ముసుగు తియ్యడం. 1991లో వచ్చిన మొదటి కూర్పులోనే మన తెలుగుకి 128 గళ్ళు విడిగా కేటాయించారు. అందులో 'క' నంబరు 3093. విండోస్‌లోనూ అదే, లైనక్స్‌లోనూ అదే, మీ చేతిలో ఫోనులోనూ అదే. ఫాంటు చీర లాంటిదయింది, మనిషి మారదు. సిలికానాంధ్ర వారు ఉచితంగా అందించిన పెద్దన, సూరన్న, ధూర్జటి ఫాంట్లు ఒకదాని తరవాత ఒకటి కట్టి చూసుకున్నాను. మాట మాత్రం చెక్కుచెదరలేదు.

మా రాజమండ్రి వాళ్ళకి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. గోదావరి మీద హేవలాక్ వంతెన 1900లో రైళ్ళకి తెరిచారు. 1997లో దాని మీద రైళ్ళు మాన్పించారు. అదే ఏడు పక్కనే ఆర్చి వంతెన వచ్చింది. వంతెన మారినా రైళ్ళు ఆగలేదెందుకు? రెంటి మీదా పట్టాల మధ్య దూరం ఒకటే గనక, అయిదడుగుల ఆరంగుళాలు. పట్టాల కొలత కలిస్తే వంతెన ఏదైనా ఒకటే. కలవకపోతే ఎంత గొప్ప వంతెన కట్టినా బండి ఒడ్డునే ఉండిపోతుంది. నా నవల అలా ఒడ్డున ఉండిపోయిన బండి.

పాత ఫాంటుని యూనికోడుకి మార్చే సాధనాలున్నాయి. ఎందరో తెలుగువాళ్ళు పైసా ఆశించకుండా తయారుచేసి పెట్టారు. వాటితోనే నా నవల ఒడ్డెక్కింది. కాస్త తడిసింది. ఒత్తులు అక్కడక్కడ రాలిపోయాయి. పదమూడో ప్రకరణంలో మా నాయిక 'పెళి' చేసుకుంది! ఆ పిల్ల సంసారం ఎందుకు నిలవలేదో నాకు ఇన్నేళ్ళకి తెలిసింది. నెల రోజులు కూర్చుని ఒత్తొత్తూ ఏరి పెట్టాను.

అంచేత నా విమర్శ జాబితాల మీదే. దేనికి బదులు ఏది అని అడిగితే వంద పేర్లు దొరుకుతాయి. ముందు అడగవలసింది, నేను రాసుకున్నది ఇంకో దాన్లోకి చెక్కుచెదరకుండా వెళుతుందా అని. మీరు నవలలే రాయనక్కర్లేదు. అత్తగారు చెప్పిన పచ్చళ్ళ కొలతలో, నాన్నగారి జ్ఞాపకాలో ఎవరిచేతో పాత ఫాంటులో కొట్టించి ఉంటారు. పాత మిషను బతికుండగానే ఓసారి తెరిచి చూడండి. యూనికోడులోకి మార్చి, ఒక ప్రతి కాగితం మీద అచ్చు తీసి దాచండి.

కొత్త పొయ్యి మీద రొట్టె రుచి కొంచెం మారుతుంది, సర్దుకుంటాం. పిండే మూకుడికి అంటుకుపోయి రానంటే, ఇంక కాల్చడానికేముంది?