గోలీసోడా, ఉప్పెన

గుడివాడలో ఓ హైస్కూలు సైన్స్ ఫెయిర్‌కి పిలిస్తే మొన్న వెళ్లాను. ఏ బల్ల దగ్గర చూసినా అగ్నిపర్వతమే. అట్ట మీద ఒండ్రుమట్టి కుప్ప, మధ్యలో ప్లాస్టిక్ సీసా, అందులో వంటసోడా, పైనుంచి వెనిగర్. ఎర్ర నురగ పొంగగానే చప్పట్లు. నాకు చిర్రెత్తుకొచ్చింది. సముద్రం పక్కన పుట్టిన పిల్లలకి తుపాను గుర్తు రాలేదు, కరకట్ట గుర్తు రాలేదు. గుట్టయినా లేని సీమలో నిప్పులు కక్కే కొండలా!

పైగా అది చెప్పేదీ తప్పే. సోడా, వెనిగర్ కలిస్తే జరిగేది రసాయన చర్య. కొండ పేలేది అందుకు కాదు. కరిగిన రాతిలో అణిగి ఉన్న ఆవిరి, వాయువులు పైకొచ్చేకొద్దీ ఒత్తిడి తగ్గి ఒక్కసారిగా విడివడతాయి. ఆ మాత్రం చూపించడానికి గోలీసోడా చాలదూ? గోలీ దిగేదాకా నీళ్లు తేటగా ఉంటాయి, దిగగానే బుస్సుమంటాయి. పిల్లాడు సొంత బొటనవేలితో చేసే ప్రయోగం అది.

మ్యూజియాల్లో బటన్ల మీద నా గోల ఈ కాలమ్ చదివేవాళ్లకి కొత్త కాదు. బటన్ నొక్కితే మ్యాపు మీద లైటు వెలుగుతుంది, దాని పేరు ఇంటరాక్టివ్! స్విచ్చి వెయ్యడానికి టిక్కెట్టెందుకు? ఫ్రాంక్ ఓపెన్‌హైమర్ 1969లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎక్స్‌ప్లొరేటోరియం తెరిచింది, వచ్చినవాళ్లు తమ చేత్తో ప్రయోగం చేసి చూసుకోవాలని.

హైదరాబాద్‌లో ఎగ్జిబిషన్లు డిజైన్ చేసే మా మేనల్లుడికి ఫోన్ చేసి, బందరులో భూకంపాలకీ అగ్నిపర్వతాలకీ ఓ మ్యూజియం కట్టమంటే ఏం పెడతావురా అన్నాను.

"ఊగే నేల పెడతా మావయ్యా. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో జపాన్ సరుకుల కొట్టు ఒకటి కట్టి, 1995 కోబె భూకంపాన్ని అందులో చూపిస్తారు. భుజ్‌లో 2022లో తెరిచిన స్మృతివన్‌లోనూ ఊగే గది ఉంది."

"మనకి నేల కాదురా, నీళ్లు కావాలి. అగ్నిపర్వతాన్ని అసలు తీసెయ్."

"పంగిడి కంకర సంగతి మర్చిపోయావా?"

నిజమే. కొవ్వూరు దగ్గర పంగిడి క్వారీల్లో కొట్టే ఆ నల్లరాయి లావాయే. సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ల కిందట పడమటి కనుమల వైపు పొంగి, వెయ్యి కిలోమీటర్లు పారి రాజమండ్రి దాకా వచ్చిందని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. సరే, ఓ రాయి తెచ్చి బల్ల మీద పెట్టు, పిల్లలు ఎత్తి బరువు చూస్తారు అన్నాను.

భూకంపానికీ మన దగ్గర సరుకుంది. 2024 డిసెంబర్ 4న ములుగులో కదిలితే విజయవాడ దాకా జనం వీధుల్లోకొచ్చారు. ఒండ్రునేల ఊగితే ఏమవుతుందో తెలియాలంటే హంసలదీవి ఒడ్డున తడిఇసుక మీద నిలబడి కాళ్లతో టపటపా తొక్కాలి. గట్టిగా ఉన్న ఇసుక జావై నీరు పైకొస్తుంది, మడమలు దిగబడతాయి. ఓ తొట్టెలో తడిఇసుక పోసి, మీద ఇటుక నిలబెట్టి, తొట్టెని పిల్లల చేతికిస్తే సరి.

ఇక నీళ్లు. సముద్రం మన మీదికి రెండు దారుల్లో వస్తుంది. 1864 నవంబర్ 1న బందరుని ముంచి సుమారు 30 వేల మందిని తీసుకుపోయిందీ, 1977 నవంబర్ 19న దివిసీమ మీద పడిందీ గాలి తోసిన నీరు. 2004 డిసెంబర్ 26న మంగినపూడిలో పౌర్ణమి స్నానాలకొచ్చినవాళ్లని లాక్కుపోయింది మాత్రం సుమత్రా దగ్గర సముద్రం అడుగున లేచిన నేల. గాలి సంగతి రోజుల ముందే తెలుస్తుంది, నేల సంగతికి గంటలే గడువు. అందుకే 2007లో హైదరాబాద్‌లో ఇంకాయిస్ అనే సముద్ర సమాచార సంస్థ వాళ్లు సునామీ హెచ్చరిక కేంద్రం పెట్టుకున్నారు. పొడవాటి గాజు తొట్టె, ఓ చివర లోతు తగ్గుతూ వచ్చే ఒడ్డు, రెండు పిడులు: ఒకటి తిప్పితే పైన ఫ్యాను నీటిని ఒడ్డుకి తోస్తుంది, ఇంకోటి లాగితే అడుగుపలక లేస్తుంది. మా వాడు స్కెచ్ గీసి పంపాడు. నాకు భలే నచ్చింది.

దానితో పాటే ఇంకో గది గీశాడు. చీకటి, హోరుగాలి, మీద తుంపర, నాలుగు గోడల మీదా లేచొచ్చే అల. పేరు 'ఉప్పెన'. అదీ నచ్చింది. మనది కదా అనిపించింది.

స్కెచ్ పట్టుకుని నాగాయలంక వైపు నాకు తెలిసిన పెద్దాయన దగ్గరికి వెళ్లాను. 1977లో ఆయన కుర్రాడు. తాడిచెట్టు పట్టుకుని బతికాడు. నీళ్లు ఎంత ఎత్తొచ్చాయని ఎవరడిగినా మీటర్లలో చెప్పడు. చెట్టు దగ్గరికి తీసుకెళ్లి, తల వెనక్కి వాల్చి, వేలు పైకెత్తి, అక్కడ ఆపుతాడు. అయిదు మీటర్లని పుస్తకాల్లో ఉంటుంది. 10 వేల మందికి పైగా పోయారనీ ఉంటుంది. ఆ నీళ్లు ముంచిన సొర్లగొంది ఊరి పేరు చెప్పినప్పుడు ఆయన ముఖం పుస్తకాల్లో ఉండదు.

స్కెచ్ తిప్పి తిప్పి చూశాడు. "గాలి హోరు కూడా పెడతారా?"

"పెడతారు బాబాయ్."

"అయితే నేన్రాను." కాసేపాగి, "మా మనవణ్ణి పంపిస్తా. నే చెబితే కథలంటాడు" అన్నాడు.

మనవడికి కావలసింది ఆ హోరూ తుంపరా కాదు. వాటిని మించినవి సినిమా హాల్లో చూశాడు. తాతని ఇంట్లో కథలంటాడు గానీ, క్లాసు క్లాసంతా ఆయన ముందు నోరు తెరుచుకు కూర్చుంటే అనలేడు. కోబెలో 2002లో తెరిచిన విపత్తు మ్యూజియంలో భూకంపాన్ని చూసిన మనుషులే వచ్చినవాళ్లకి చెబుతారు. అగ్నిపర్వతంతో పిల్లలు ఆడుకోనీ, వెనిగరైనా పొయ్యనీ, మన ఇళ్లల్లో దానివల్ల ఎవరూ పోలేదు. ఉప్పెన గదిలో మాత్రం ఓ తాడిమొద్దు, దాని మీద నీటి గుర్తు, పక్కన ఓ కుర్చీ. నొక్కడానికీ తిప్పడానికీ ఏమీ వద్దు. బటన్ల మీద ఇన్ని కాలమ్‌లు రాసి, చివరికి చేత్తో చెయ్యడానికి పనేమీ లేని గది అడుగుతున్నాను.

అప్పటి ఇరవయ్యేళ్ల వాళ్లకి ఇప్పుడు డెబ్బై దగ్గరపడుతున్నాయి. మా వాడి ఎస్టిమేట్‌లో ప్రొజెక్టర్లున్నాయి, ఏసీలున్నాయి, రెండేళ్ల మెయింటెనెన్సూ ఉంది. కుర్చీలో కూర్చునే మనిషికి బస్సు చార్జీ, మధ్యాహ్నం భోజనం లేవు. చేర్చమన్నాను. ఏ హెడ్డు కింద రాయాలి మావయ్యా అంటున్నాడు.