ఇక్కడి తోలుకు దాహం వెయ్యదు

పాలమూరులో మా తాత ఎండాకాలం వచ్చిందంటే వారానికోసారి కిర్రు చెప్పులకు ఆముదం పట్టించేవాడు. అరచేతిలో నాలుగు చుక్కలు పోసుకుని, వారుల మీద వేళ్లతో రుద్ది, రాత్రంతా గూట్లో పెట్టేవాడు. తెల్లారేసరికి నూనె జాడ ఉండేది కాదు. తోలంతా తాగేసేది. తోలును చూసుకోవడమంటే నూనె పట్టించడమేనని నా మనసులో అప్పుడే నాటుకుపోయింది.

ఆ నమ్మకంతోనే సింగపూర్‌లో నా బైక్ జాకెట్‌ను పాడుచేసుకోబోయాను. కొన్ని నెలలు బండి తీసే తీరిక దొరకలేదు. జాకెట్‌కు దండిగా కండిషనర్ పట్టించి, బాంబ్ షెల్టర్‌లో తగిలించి తలుపేశాను. 1990ల చివరి నుంచి కట్టిన హెచ్‌డీబీ (ప్రభుత్వ గృహ) ఫ్లాట్లలో ఈ చిన్న గది ఉంటుంది. కాంక్రీటు గోడలు, ఇనుప తలుపు, గాలి సరిగ్గా ఆడదు. మాలాంటి వాళ్లందరికీ అదే సామాన్ల గది. మళ్లీ తలుపు తీసేసరికి భుజాల మీద, కాలర్ కింద తెల్లగా బూజు. నా చేత్తో నేనే దానికి మేత పెట్టానని తెలిసి ప్రాణం ఉసూరుమంది.

ఇక్కడి గాలిలో తేమ సగటున 80 శాతం పైమాటే. తోలు దాచడానికి 50కి అటూఇటూ ఉంటే మంచిది. 65 దాటి నిలిచిందంటే బూజు మొదలవుతుంది. పైగా తాత చెప్పులది తంగేడు చెక్కతో ఊనిన తోలు, పాలమూరు ఎండకు బిగుసుకుపోయేది, నూనె అడిగేది. నా జాకెట్ క్రోమియంతో ఊనిన ఆవుతోలు. దానికి కావలసిన కొవ్వు ఊనిన తర్వాత కార్ఖానాలోనే పట్టించేస్తారు. అందుకే ఇక్కడ నేను ముందు ఆరబెడతాను, నూనె సంగతి తర్వాత.

తెల్లగా కనిపించిందల్లా బూజు కాదు. తోలులోని కొవ్వు పైకి తేలి గడ్డకట్టినా అలాగే ఉంటుంది. హెయిర్ డ్రయర్ గోరువెచ్చగా పట్టి చూడండి: కొవ్వయితే కరిగిపోతుంది, బూజయితే అలాగే ఉంటుంది. బూజును ఇంట్లో దులపకూడదు, అది మిగతా బట్టలకూ పాకుతుంది. బయటికి తీసుకెళ్లి మెత్తటి బ్రష్‌తో దులిపి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీళ్లు సగం సగం కలిపి, గుడ్డ తడిపి గట్టిగా పిండి తుడుస్తాను. రంగు పోతుందేమో ముందు లోపలి అంచున చూసుకుంటాను. ఆపైన ఫ్యాన్ కింద ఒక రోజు.

సరిహద్దు అవతల మలేషియాలోని జోహోర్ నుంచి తిరిగొచ్చిన ప్రతిసారీ మోచేతి, భుజాల ప్యాడ్లు తీసేసి, జిప్పులు తెరిచి, వెడల్పాటి హ్యాంగర్‌కు తగిలిస్తాను. వానలో తడిసినా సరే ఎండలో వెయ్యను. తడి తోలుకు వేడి తగిలితే ముడుచుకుని అట్టకట్టేస్తుంది. కండిషనర్ ఆరు నెలలకోసారి, అదీ పలచగా, మడత పడేచోట మాత్రమే. తేమ పీల్చే డబ్బాలు ఎప్పుడూ జాకెట్‌కు దూరంగా, కింది అరలోనే. అందులో చేరే కాల్షియం క్లోరైడ్ నీళ్లు ఒలికితే ఆ మరక ఇక వదలదు, తోలు అక్కడే బిగుసుకుపోతుంది.

బూట్లదీ ఇదే కథ. వాటి పాలీయురితేన్ అడుగులు వాడకుండా ఉంచినా ఈ తేమకు పొడిపొడిగా రాలిపోతాయి. దానికి ఏ నూనె కూడా పనిచెయ్యదు.

జాకెట్‌కు ఇప్పుడు 14 ఏళ్లు. తోలు ఎంత మెత్తగా ఉన్నా కుట్టు వదిలితే, రోడ్డు మీద పడ్డప్పుడు అది విచ్చుకుంటుంది. అందుకే బయల్దేరే ముందు బొటనవేళ్లతో కుట్లన్నీ లాగి చూస్తాను. పోయిన శనివారం ఎడమ మోచేతి దగ్గర రెండంగుళాల మేర దారం ఊడి వచ్చింది. పాత రంధ్రాల్లోంచే నైలాన్ దారంతో కుట్టమని ఇచ్చి వచ్చాను. కొత్తగా రంధ్రాలు పొడిస్తే తోలు అక్కడే చిరుగుతుంది. జాకెట్ చేతికి వచ్చేదాకా వుడ్‌లాండ్స్ సరిహద్దు దాటే పని పెట్టుకోను.